'వలె' ఉంటే ఉపమ, హీరో అయితే ధైర్యవంతుడు: పాఠం ఇంతేనా?

కొత్తటీచర్ | శుక్రవారం రాత్రి 9:12

నమస్కారం అండీ. ఈ మధ్యే జనగామ వైపు ఒక హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. తొమ్మిది, పది తరగతులు నావే. పేపర్లు దిద్దుతుంటే రెండు విషయాలు బుర్ర తినేస్తున్నాయి, అందుకే ఇక్కడ పెడుతున్నా.

ఒకటి, పాత్ర స్వభావం. ఎవరి గురించి అడిగినా జవాబు ఒకటే. "ఇతడు మంచివాడు. ధైర్యవంతుడు. సత్యసంధుడు. పెద్దలను గౌరవిస్తాడు." పైన పేరు మార్చేస్తే ప్రహ్లాదుడికి రాసింది ధర్మరాజుకీ సరిపోతుంది. ఒకబ్బాయి మాత్రం హిరణ్యకశిపుడి గురించి "కొడుకంటే ప్రేమ ఉన్నవాడు" అని రాశాడు. క్లాసులో అందరికంటే ఆ ముక్కే నాకు నచ్చింది. ఎందుకలా అనిపించిందిరా అంటే మాత్రం నీళ్లు నమిలాడు.

రెండోది అలంకారాలు. 'వలె' కనిపించగానే ఉపమ అని రాసేస్తారు. వేమన పద్యంలో "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు" అని ఉంది కదా, 'పోలిక' చూసి సగం క్లాసు ఉపమాలంకారం అని రాసింది. పద్యం ఏం చెబుతోందో ఒక్కరూ చూడలేదు.

ఈ రెండిటినీ వేర్వేరు పాఠాలుగా చెప్పడంలోనే ఏదో తేడా ఉందని నా అనుమానం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మార్కులమారాజు | శుక్రవారం రాత్రి 9:40

మేడమ్, టెన్షన్ పడకండి. పరీక్షకి కావలసింది వేరు, సాహిత్యం వేరు. నేను కోచింగులో చెప్పే పద్ధతి ఇదీ. పోలిక చెప్పే మాటలు, అంటే ఉపమావాచకాలు, బట్టీ పట్టించండి: వలె, పోలె, అట్లు, భంగి, కరణి, కైవడి, రీతి వస్తే ఉపమ. ఊహ కనబడితే ఉత్ప్రేక్ష. రెండూ ఒకటే అంటే రూపకం. గోరంత కొండంత అయితే అతిశయోక్తి. పాత్రకైతే ఓ పది విశేషణాలు రెడీగా పెట్టుకోవాలి, కథలోంచి రెండు సంఘటనలు అతికించాలి. మార్కులు ఎక్కడికీ పోవు.

పాతపంతులు | శనివారం ఉదయం 6:05

అమ్మా కొత్తటీచర్ గారూ, మీ అనుమానం సరైనదే. మారాజు గారి పద్ధతిలో మార్కులు వస్తాయి, కాదనను. నేనూ విజయనగరంలో పదవీ విరమణ చేసేదాకా ఆ పది విశేషణాల జవాబులే దిద్దాను. కానీ ఆ 'రీతి' ఎక్కడ కాలు జారుస్తుందో చూడండి. మీరు పోతన గారి ఊరు బమ్మెరకు దగ్గర్లోనే ఉన్నారు కాబట్టి ఆయన భాగవతంలోని పద్యంతోనే చెబుతాను.

మందార మకరంద మాధుర్యమునఁ దేలు
మధుపంబు వోవునే మదనములకు?
నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు
రాయంచ సనునే తరంగిణులకు?
లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు
కోయిల సేరునే కుటజములకు?
పూర్ణేందు చంద్రికా స్ఫురిత చకోరక
మరుగునే సాంద్ర నీహారములకు?

అంబుజోదర దివ్య పాదారవింద
చింతనామృత పాన విశేష మత్త
చిత్త మేరీతి నితరంబుఁ జేర నేర్చు?
వినుత గుణశీల! మాటలు వేయు నేల?

'ఏరీతి' ఉంది కాబట్టి ఉపమ అని రాసిన పిల్లలు నాకు ప్రతి ఏడాదీ దొరికేవారు. అది 'ఎలా' అనే ప్రశ్న, పోలిక చెప్పే మాట కాదు. వేమన పద్యంలో 'పోలిక' కూడా అంతే. ఉప్పుకీ కర్పూరానికీ రంగులో పోలిక ఉందంటున్నాడు. ఆ మాట మనుషుల సంగతికి వాచకం కాదు.

అసలు విషయం అది కాదు. ఈ పద్యం ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటున్నారు? అది తెలియకుండా అలంకారం పేరు అడిగి లాభం లేదు.

అంతకుముందు ఏం జరిగిందంటే, తండ్రి హిరణ్యకశిపుడు కొడుకు ప్రహ్లాదుణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నీకు ఏది మేలనిపిస్తుందో చెప్పు నాయనా అన్నాడు. కొడుకు "ఇల్లను చీకటి నూతిలోపలం ద్రెళ్లక" విష్ణువు మీద మనసు నిలిపి అడవిలో ఉండటం మేలన్నాడు. ఇల్లు అనే చీకటి నుయ్యి. రూపకం. కానీ రూపకం అని రాసి ఊరుకుంటే ఏం తెలిసింది? ముల్లోకాలనూ గెలిచిన రాజు తన కొలువులో, తన ఒళ్లో కూర్చున్న కొడుకు నోటివెంట ఆ ఇల్లే నుయ్యి అని వింటున్నాడు. దెబ్బ అక్కడ తగిలింది. అప్పటికి తండ్రి నవ్వి, ఎవరో పిల్లాడికి నూరిపోశారు అనుకున్నాడు. మీ విద్యార్థి రాసింది నిలబడేది ఇక్కడే. ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగినవాడు, మొదట తప్పు పరాయివాళ్ల మీదకు తోసినవాడు, ప్రేమ లేనివాడెలా అవుతాడు? ఆ అబ్బాయికి ఈ రెండు ఆధారాలూ చూపించండి. తర్వాత ఆ ప్రేమ ఏమైపోయిందో వాడే చెబుతాడు.

ఆ తర్వాత తండ్రే, ఈ బుద్ధి నీకు పుట్టిందా, ఎవరైనా నేర్పారా అని అడుగుతాడు. దానికి ప్రహ్లాదుడు గురువు వైపు చూసి చెప్పిన జవాబులోది ఈ పద్యం. ఇప్పుడు మళ్లీ చదవండి. మందారం మీది తేనెటీగ ఉమ్మెత్తకు పోతుందా? ఆకాశగంగలో ఊగే రాయంచ వాగులకు పోతుందా? మామిడి చిగురు తిన్న కోయిల కొండమల్లెలకు చేరుతుందా? ఈ వరసలో ఉమ్మెత్త ఎవరు? వాగు ఎవరు? గురువు గారు చెప్పే చదువే కదా! 'నీ చదువు నాకొద్దు' అని ఒక్క ముక్క అనలేదు. పైగా "వినుత గుణశీల" అని సంబోధించాడు. పిల్లవాడు ఎంత మర్యాదగా మాట్లాడాడో అంత గట్టిగా కొట్టాడు. దీన్ని 'పెద్దలను గౌరవిస్తాడు' అని ఎలా రాస్తాం? రాయవచ్చు, కానీ సగమే.

ఇంకొకటి. తేలు, తూగు, చొక్కు. ఈ మూడు మాటలూ వేలు పెట్టి చూపించండి పిల్లలకు. మూడూ మైమరపు మాటలే. చివరికి ఎత్తుగీతిలో, అంటే సీసం కింద వచ్చే నాలుగు పాదాల్లో, "మత్త చిత్తము" అని తేలుస్తాడు. భక్తి చేయాలి, చేయడం ధర్మం అని ఈ పిల్లవాడు ఎక్కడా అనడం లేదు. రుచి మరిగాను, ఇక నా వల్ల కాదు అంటున్నాడు. ప్రహ్లాదుడిని 'ధైర్యవంతుడు' అని రాసేవాళ్లు ఇది గమనించాలి. రుచి మరిగినవాడికి ధైర్యం వేరే తెచ్చుకోవలసిన పని లేదు.

పద్యంపిచ్చి | శనివారం ఉదయం 8:31

పంతులు గారూ, నమస్కారం. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, వ్యసనం ఇది. గురువు గారి జవాబు కూడా కలిపితే ఇంకా బాగుంటుంది. ఆ పద్యం వినగానే పోతన "రోషించి రాజసేవకుండైన పురోహితుండు" అంటాడు. రాజసేవకుడు! ఆ ఒక్క విశేషణంతో పాత్ర స్వభావం సగం అయిపోయింది. వెంటనే ఆయన తిట్టే తిట్టు:

పంచశరద్వయస్కుఁడవు బాలుఁడ వించుక గాని లేవు భా
షించెదు తర్కవాక్యములు, చెప్పిన శాస్త్రములోని యర్థ మొ
క్కించుకయైనఁ జెప్ప వసురేంద్రుని ముందట మాకు నౌఁదలల్
వంచుకొనంగఁ జేసితివి వైరివిభూషణ! వంశదూషణా!

అయిదేళ్లవాడివి, ఇంతే ఉన్నావు, తర్కాలు మాట్లాడుతున్నావు. ఇంతవరకూ గురువు మాట. "అసురేంద్రుని ముందట మాకు తలలు వంచుకొనేలా చేశావు" అన్నచోట మనిషి దొరికిపోయాడు. ఆయన బాధ శాస్త్రం గురించి కాదు, రాజు గారి ముందు పరువు గురించి.

తర్వాతి పద్యంలో ఉపమానం చూడండి: "దైత్య చందనవనమందుఁ గంటకయుత క్షితిజాతము భంగిఁ బుట్టినాఁడు". రాక్షసులనే గంధపుతోటలో ముళ్లచెట్టులా పుట్టాడట. ఇక్కడ 'భంగి' ఉంది, మారాజు గారి లిస్టు ప్రకారం చక్కగా ఉపమ. మార్కు వస్తుంది. కానీ పిల్లవాడు మందారం, మామిడి అన్నాడు. గురువు కూడా చెట్ల భాషలోనే బదులిచ్చాడు, కాకపోతే ఆయన తోటలో మంచిచెట్లు రాక్షసులు. ఒకరి మందారం ఇంకొకరికి ముల్లు. ఇద్దరి ఉపమానాలూ పక్కపక్కన పెడితే ఇద్దరి లోకాలూ కనబడతాయి.

సంస్కృత భాగవతంలో ఇదే చోట ఇంకో అడుగు ముందుకు వేశారు. ముళ్లచెట్టు అన్నాక, ఈ తోటను వేళ్లతో నరికే గొడ్డలి విష్ణువైతే, ఈ పిల్లవాడు దానికి కామ, అంటే పిడి, అంటాడు గురువు. గొడ్డలికి కామ అడవి కర్రే కదా. ఇంటివాడే శత్రువు చేతికి అందాడన్న ఏడుపంతా అందులో ఉంది. పోతన గారి ఈ పద్యంలో ఆ గొడ్డలి లేదు. "తనయుఁడుఁ గాఁడు శాత్రవుఁడు" అని తిన్నగా అనిపించి, "పట్టుఁడు కొట్టుఁడు" దాకా తీసుకెళ్లాడు. నాకైతే కామ వదిలేసినందుకు కొంచెం బాధే. అయితే ఆ కోపంలో ఉన్న మనిషి అంత అల్లిక అల్లుతాడా అంటే, పోతనే రైటు అనిపిస్తుంది.

మార్కులమారాజు | శనివారం ఉదయం 10:02

అంతా బాగుంది సార్, కానీ పరీక్షలో "మందార మకరంద" అలంకారం ఏది అని అడిగితే పిల్లవాడు 'గురువు గారికి చురక' అని రాస్తే సున్నా వస్తుంది. పేరు చెప్పండి. నేను దృష్టాంతం అని చెబుతున్నాను.

పద్యంపిచ్చి | శనివారం ఉదయం 10:20

నా ఓటు ప్రతివస్తూపమకి. క్రియలు చూడండి: వోవునే, చనునే, చేరునే, మరుగునే, చివర చేర నేర్చు. మాటలు వేరు, సంగతి ఒకటే: దాన్ని వదిలి దీనికి పోతుందా? ఒకే ధర్మాన్ని రెండు వాక్యాల్లో వేర్వేరు మాటలతో చెబితే ప్రతివస్తూపమ. ధర్మాలు వేరుగా ఉండి బింబ ప్రతిబింబాల్లా సరిపోతే దృష్టాంతం. ఇక్కడ ధర్మం ఒకటే అని నా వాదన. నాలుగుసార్లు వచ్చింది కాబట్టి మాలగా వచ్చిందనుకోవచ్చు.

పాతపంతులు | శనివారం ఉదయం 11:15

'మరుగు' అంటే రుచి మరగడం, 'చను' అంటే వెళ్లడం. రెండూ ఒకటే ధర్మమా కాదా అని మా రోజుల్లో స్టాఫ్‌రూములో ఒక పూటంతా గడిచిపోయేది. పద్యంపిచ్చి గారి వాదనకే నా మొగ్గు. అయితే పదో తరగతి పిల్లలను ఈ గొడవలోకి లాగకండి. మకారాలు, దకారాలు ఎలా దొర్లుతున్నాయో చెవికి వినిపించి, వృత్త్యనుప్రాస అని చెప్పండి. అది మారాజు గారి మార్కుకీ పనికొస్తుంది, పద్యానికీ పనికొస్తుంది.

డల్లాస్_దేవకి | శనివారం రాత్రి 8:47

చదువుతుంటే ఎంత బావుందో. ఇక్కడ మా కాలనీ పిల్లలకు వారాంతాల్లో తెలుగు చెబుతుంటాను. ఈ పద్యం చెబితే పదేళ్లమ్మాయి అడిగింది: "చకోరం నిజంగా ఉందా ఆంటీ? వెన్నెల ఎలా తాగుతుంది?" నాకు టక్కున జవాబు రాలేదు. మందారం అంటే వాళ్లకు ఇంటి ముందు కుండీలో ఉన్న ఎర్ర మందారం. దాని మీద తేనెటీగ ఎందుకంత మైమరచిపోవాలో వాళ్లకు అర్థం కాలేదు. ఇలాంటివి ఎలా చెబుతారు మీరంతా?

పాతపంతులు | ఆదివారం ఉదయం 6:20

దేవకమ్మా, ఆ పిల్ల మంచి ప్రశ్న వేసింది. చకోరం అనే పక్షి ఉంది. హిమాలయాల వైపు కొండల్లో తిరిగే కౌజు జాతి పిట్ట. అది వెన్నెల తాగదు, గింజలూ పురుగులూ తింటుంది. వెన్నెల తాగడం కవులంతా కలిసి ఒప్పుకున్న మాట. హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందన్నదీ అలాంటిదే. వీటిని కవిసమయాలంటారు. మందారం కూడా స్వర్గంలోని అయిదు దేవతావృక్షాల్లో ఒకటి, మన పెరటి మందారం కాదు. అది తెలియకపోతే మందారానికీ ఉమ్మెత్తకూ పోటీ ఏమిటో అర్థం కాదు.

ఆ పిల్లకు ముందే 'నిజం కాదు' అని చెప్పకండి. వాళ్లు చూసే కార్టూన్లలో జంతువులు మాట్లాడితే నమ్మట్లేదా? ఆట నియమాలు చెబితే ఆడేస్తారు. అబద్ధం అనే మాట పెద్దవాళ్లకే తట్టుతుంది.

రంగులపెట్టె | ఆదివారం ఉదయం 11:50

పద్యాలు ఎక్కువైపోయాయి, కాస్త నాటకం వైపు వద్దాం. శ్రీకాకుళం జిల్లా నాటక పరిషత్తుల్లో గిరీశం వేషం వేసేవాణ్ని. పాత్రను ఎలా అర్థం చేసుకోవాలి అంటే మా నటులకు ఒకటే దారి: వాడు ఏ మాట వాడుతున్నాడు, ఎందుకు ఆ మాటే వాడుతున్నాడు.

గురజాడ కన్యాశుల్కం మొదటి రంగం, విజయనగరంలో బొంకులదిబ్బ. ఆ చోటు పేరు కూడా చూడండి, బొంకుల దిబ్బ మీద కథ మొదలు. గిరీశం ఒక్కడే ఉంటాడు. పూటకూళ్లమ్మకు సంతలో సామాన్లు కొనిపెడతానని డబ్బు తీసుకుని, దాన్ని 'డాన్సింగ్ గర్ల్' కింద ఖర్చు పెట్టేశానని తనకు తానే చెప్పుకుంటాడు. నేను వేషం కట్టిన కొత్తలో ఆ ఇంగ్లీషు ముక్కలను జనం నవ్వడానికని గట్టిగా కొట్టేవాణ్ని. మా దర్శకుడు ఒకరోజు ఆపి అన్నాడు: "ఒరే, అక్కడ ఎవరున్నారు? ఎవడికి వినిపించాలని ఆ ఇంగ్లీషు?" ఎవరూ లేరు. అదే కీలకం. గిరీశం ఇంగ్లీషుతో శిష్యుడు వెంకటేశాన్ని, వాడి అక్క బుచ్చమ్మను, వాళ్ల తండ్రి అగ్నిహోత్రావధానులును బుట్టలో వేస్తాడు, అది అందరికీ తెలుసు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అదే చొక్కా తొడుక్కుని ఉన్నాడంటే, మొదట బుట్టలో పడింది వాడే. అక్కడి నుంచి ఆ రంగం గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాను. నవ్వు తగ్గలేదు.

'నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్' అన్న మాట అందరూ వాడతారు. ఆ మాట ఎందుకొచ్చిందో చాలామందికి గుర్తులేదు. చదువేం చెప్పారు మీరు నాకు అని వెంకటేశం నిలదీస్తే, జవాబు లేక అన్నమాట అది. గిరీశం మనస్ఫూర్తిగానే అంటాడు. వినేవాడికి ఎత్తిపొడుపులా వినిపించేలా రాసింది గురజాడ. అంటే ఒకే వాక్యంలో పాత్ర గొంతు ఒకటి, రచయిత గొంతు ఒకటి. దీనికి అలంకారశాస్త్రంలో ఏ పేరుందో పంతులు గారే చెప్పాలి.

పొగచుట్ట పద్యం తీసుకోండి:

ఖగపతి యమృతము తేగా
భుగభుగమని పొంగి చుక్క భూమిని వ్రాలెన్
పొగచెట్టై జన్మించెను
పొగతాగనివాడు దున్నపోతై పుట్టున్

గరుత్మంతుడు అమృతం తెచ్చిన కథ పురాణంలో ఉన్నదే. దానికి పొగచెట్టు తోక తగిలించాడు. ఇంగ్లీషు తెలిసినవాడి దగ్గర ఇంగ్లీషు, పురాణం నమ్మేవాడి దగ్గర పురాణం. రెండింటిలో దేనిమీదా గౌరవం లేదు, రెండూ చేతి సామానే. ఇది అర్థమైతే గిరీశం స్వభావం రాయడానికి విశేషణాలతో పనేముంది?

ఇంక ఆఖరి మాట. వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర అన్నీ బయటపడ్డాక, బుచ్చమ్మ చేయిదాటి పోయాక: "డామిట్! కథ అడ్డంగా తిరిగింది." తన బతుకును 'కథ' అంటున్నాడు. పశ్చాత్తాపం లేదు. చెప్పే కథ దెబ్బతిన్నది అన్న చిరాకు ఉంది. ఆ 'కథ' అన్న మాట దగ్గర నేను ఒక్క క్షణం ఆగేవాణ్ని. కొన్ని ఊళ్లలో చప్పట్లు అక్కడే పడేవి, కొన్ని ఊళ్లలో నిశ్శబ్దం.

ఎన్టీఆర్_అభిమాని | ఆదివారం మధ్యాహ్నం 1:05

1955 సినిమాలో ఎన్టీఆర్ గిరీశం చూశారా ఎవరైనా? సావిత్రి మధురవాణి! ఆ స్థాయి హీరో అప్పట్లో అలాంటి వేషం ఒప్పుకోవడమే గొప్ప. నా లెక్కలో గిరీశం అంటే ఆయనే. మిగతా వాళ్లు అనుకరణ.

రంగులపెట్టె | ఆదివారం మధ్యాహ్నం 1:22

బాబూ, నేను ఆ 'మిగతా వాళ్ల'లో ఒకణ్ని :)

నిర్వాహకుడు | ఆదివారం మధ్యాహ్నం 1:40

సినిమా చర్చకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి పదండి. ఇక్కడ పాత్రలు, అలంకారాలు మాత్రమే.

పాతపంతులు | ఆదివారం సాయంత్రం 5:30

రంగులపెట్టె గారూ, మీరు చెప్పింది వ్యంగ్యం. మాటకు అర్థాన్నిచ్చే శక్తులు అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు అంటారు. ఉన్నమాట ఉన్నట్టు చెబితే అభిధ. "ఊరంతా తరలివచ్చింది" అంటే ఇళ్లూ చెట్లూ నడిచిరాలేదు కదా, మనుషులు వచ్చారు. అది లక్షణ. మాట చెప్పేది ఒకటి, మనసుకు తగిలేది ఇంకొకటి అయితే వ్యంజన. గిరీశం మాటలన్నీ ఈ మూడోదాంట్లో బతుకుతాయి. వాడికి తెలియకుండానే.

నాటకం గురించి నాదీ ఒక మాట. 1892లో మా ఊళ్లోనే మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్తగా తిరగరాశారు. ఇప్పుడు మనం చదివేది ఆ తిరగరాసినదే. ఇందులో నాకు ఎప్పుడూ వింతగా తోచేది అగ్నిహోత్రావధానులు మాట: "తాంబూలాలు ఇచ్చేశాను, తన్నుకు చావండి." ఇవాళ ఆఫీసుల్లో, రాజకీయాల్లో ఎవరు పడితే వాళ్లు వాడుతున్నారు, నిర్ణయం అయిపోయింది ఇక మీ చావు మీరు చావండి అని. మన నోట్లో అది అలంకారం. ఆయన నోట్లో కాదు. నిజంగానే తాంబూలాలు ఇచ్చేశాడు, తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు అమ్మడానికి. ఆ మాటను నవ్వుతూ వాడేవాళ్లలో ఎంతమందికి సుబ్బి గుర్తుంటుంది? పిల్లలకు ఈ మాట చెప్పేటప్పుడు ముందు సుబ్బిని చెప్పండి.

సందేహజీవి | ఆదివారం రాత్రి 10:11

అందరూ బాగా రాస్తున్నారు కానీ నాదో చిన్న అడ్డంకి. మన పూర్వులు ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాయకులను ముందే నాలుగు గదుల్లో పెట్టారు కదా. మరి విద్యార్థి 'మంచివాడు, ధైర్యవంతుడు' అంటే తప్పేమిటి? వాళ్లూ పెట్టెల్లోనే పెట్టారు.

పాతపంతులు | సోమవారం ఉదయం 6:00

తప్పు లేదు నాయనా. కానీ గిరీశాన్ని ఏ గదిలో పెడతావు? మధురవాణిని? వేశ్య అనే గది సిద్ధంగా ఉంది, ఆమె అందులో ఇమడదు. ఆ నాటకంలో సుబ్బి పెళ్లి జరగకుండా కథ నడిపేది, చివర్లో సౌజన్యారావు పంతులు పట్టుదలకే పరీక్ష పెట్టి, ఆయన ఓడిపోకుండా తనే ఆపేది ఆవిడ. గదులు పనికొచ్చేది, పాత్ర ఏ గోడ దగ్గర గదిని దాటిందో చూపించడానికి.

కొత్తటీచర్ | బుధవారం రాత్రి 8:55

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినదాన్ని కొంచెం మార్చి క్లాసులో చేశాను. పేర్లు చెప్పకుండా బోర్డు మీద మూడు ముక్కలు రాశాను: 'ఇల్లు చీకటి నుయ్యి', 'మందారం మీది తేనెటీగ ఉమ్మెత్తకు పోతుందా', 'గంధపుతోటలో ముళ్లచెట్టు'. వీటిని అన్నవాళ్లు ఎలాంటి మనుషులై ఉంటారు, ఎవరి మీద కోపంగా ఉన్నారు, రాయండి అన్నాను.

మొదటిదానికి చాలామంది 'ఇంట్లో కొట్టే నాన్న ఉన్న పిల్లవాడు' అని రాశారు! ఇద్దరు ముగ్గురు హాస్టల్ పిల్లలు మాత్రం 'ఇల్లు నుయ్యి ఏంటి టీచర్, ఇల్లు కావాలి కదా' అన్నారు. దానికి నేను ఏమీ అనలేదు. మూడోది అన్నది పెద్దవాడని, భయపడుతున్నవాడని ఒకమ్మాయి రాసింది. భయం ఎక్కడ కనబడిందమ్మా అంటే, "మామూలు చెట్టు కాదు, గంధం అన్నాడు కదా టీచర్, అంటే యజమాని తోటను పొగుడుతున్నాడు" అంది. నాకు ఒళ్లు జలదరించింది. 'రాజసేవకుండైన' అన్న మాట ఆ పిల్ల చదవనే లేదు.

తర్వాత పద్యాలు తీసి చూపిస్తే అలంకారం పేర్లు వాళ్లే అడిగారు. 'భంగి' ఉపమ అని చెప్పాను. 'ఏరీతి' దగ్గర ఇద్దరు పడ్డారు, లేపాను.

మార్కులమారాజు | బుధవారం రాత్రి 9:30

బాగుంది మేడమ్. కానీ ఒక పీరియడ్‌లో మూడు ముక్కలైతే సిలబస్ ఎప్పుడు అవుతుంది? నేను వెటకారంగా అనడం లేదు. నా దగ్గరకొచ్చే పిల్లలకు నెలన్నరలో మొత్తం అవ్వాలి.

కొత్తటీచర్ | బుధవారం రాత్రి 9:48

అన్ని పాఠాలకూ ఇలా చేయను అండీ, చేయలేను కూడా. యూనిట్‌కి ఒకటి. మిగతావాటికి మీ లిస్టే వాడతాను, నిజంగా.

పద్యంపిచ్చి | గురువారం రాత్రి 11:02

ఇంకొక్కటి చెప్పి నిద్రపోతాను. ఎప్పుడూ పాత్ర మాటల్లోనే అలంకారం వెతకకూడదు. కొన్నిచోట్ల పాత్ర అలంకారం లేకుండా మాట్లాడటమే అసలు సంగతి.

తిక్కన ఉద్యోగపర్వం. కృష్ణుడు రాయబారానికి బయల్దేరబోతున్నాడు. సహదేవుడు తప్ప అన్నదమ్ములంతా సంధి సంధి అంటున్నారు, భీముడు కూడా. అప్పుడు ద్రౌపది ముడి విప్పి, చేత్తో జుట్టు పట్టుకుని ముందుకొస్తుంది. ఆ జుట్టు నల్లటి పెద్దపాములా ఉందని ఉత్ప్రేక్షించాడు కవి. అది తిక్కన మాట. ద్రౌపది తన జుట్టును పాము అనుకోవడం లేదు. ఆమె నోరు విప్పితే వచ్చింది "ఇవి దుశ్శాసను వ్రేళ్లం దవిలి" అన్న మాట. అతని వేళ్లకు చిక్కి సగం తెగిపోగా మిగిలిన వెంట్రుకలివి అంటుంది. వేళ్లు, వెంట్రుకలు, సగం. పోలిక లేదు, పొగడ్త లేదు, శాపం కూడా లేదు. సంధి మాట్లాడేటప్పుడు వీటిని గుర్తుపెట్టుకో అన్నది తాత్పర్యం. కవి పాము అంటున్నాడు, పాత్ర వెంట్రుక అంటోంది. ఆ రెండు ఎత్తుల మధ్య తేడా ద్రౌపది స్వభావం. 'పౌరుషం గల స్త్రీ' అని గైడులో ఉంటుంది. గైడుకి ఆ సగం తెగిన వెంట్రుకలు కనపడవు.

డల్లాస్_దేవకి | శుక్రవారం ఉదయం 7:15

పద్యంపిచ్చి గారూ, ఇది ఈ వారమే పిల్లలకు చెబుతాను. రంగులపెట్టె గారికి ఒక ప్రశ్న: గిరీశం ఇంగ్లీషు ఇక్కడి పిల్లలకు నవ్వు తెప్పించదు. వాళ్లకు ఇంగ్లీషే మామూలు, ఆ విజయనగరం తెలుగే వింత. వాళ్లతో ఆ మొదటి రంగం వేయించాలంటే ఎలా?

రంగులపెట్టె | శుక్రవారం మధ్యాహ్నం 12:40

తిరగేసి వేయించండమ్మా. గిరీశం పాత్రకు తెలుగు సరిగా రాని పిల్లాణ్ని పెట్టకండి. బాగా తెలుగొచ్చి, అవసరం లేనిచోట కూడా ఇంగ్లీషు దూర్చే పిల్లాణ్ని చూసి పెట్టండి. ప్రతి ఊళ్లో ఒకడుంటాడు, మీ కాలనీలో ఖాయంగా ఉంటాడు. వెంకటేశం వేషం మాత్రం ఆ వెన్నెల ప్రశ్న అడిగిన పిల్లకివ్వండి. 'ఏం చదువు చెప్పారు నాకు' అన్న డైలాగు అలా అడిగేవాళ్ల నోట్లోనే పేలుతుంది. రిహార్సల్ వీడియో ఉంటే పెట్టండి, చూసి చెబుతాను. బొంకులదిబ్బకు తెర అక్కర్లేదు, రెండు కుర్చీలు చాలు.